పూడిల్ కుక్కల పెంపకం

పూడిల్ ఐరోపాకు చెందిన ఒక కుక్క జాతి. ఉంగరాలు తిరిగిన దట్టమైన బొచ్చు, పొడవైన మూతి, వ్రేలాడే చెవులు, తేలికైన నడక దీని ముఖ్య లక్షణాలు. నేడు దీనిని ఎక్కువగా ఇళ్ళలో ముద్దు కోసం పెంచుతున్నారు గాని, మొదట ఇది బాతుల వేటలో ఉపయోగపడిన కుక్క. వేటగాడు కొట్టిన పక్షి నీటిలో పడినపుడు ఈదుకుంటూ వెళ్ళి, దానిని నలపకుండా నోట కరచుకొని తెచ్చి యజమాని చేతికి ఇవ్వడం దీని పని. ఈ జాతి పిల్లలను పెంచేవారికి ఎదురయ్యే చిక్కులలో చాలావరకు ఈ సంగతిని మరచిపోవడం వలన వచ్చేవే.

పిల్లల ఎంపిక, బొచ్చు సంరక్షణ, ఆహారం, శిక్షణ ఈ వ్యాసంలోని విషయాలు. వాతావరణానికి, పరిసరాలకు సంబంధించినంత వరకు కృష్ణా జిల్లాలోని హనుమాన్ జంక్షన్ ప్రాంతాన్ని ఉదాహరణగా తీసికొనడమైనది. ఈ ఊరికి వాయవ్యాన నూజివీడు మామిడి తోటలు, తూర్పున కొల్లేరు సరస్సు ఉన్నాయి. తోట, కాలువ, వరిచేను, నీటిపక్షులు అన్నీ దగ్గర దగ్గరగా ఉన్న ఇటువంటి చోట పూడిల్‌ను పెంచడంలో సౌకర్యాలూ ఉన్నాయి, ప్రమాదాలూ ఉన్నాయి.

పేరు, చరిత్ర

జర్మను భాషలో నీటిలో చిందులాడడం అనే అర్థం గల మాట నుండి పూడిల్ అనే పేరు వచ్చినది. ఫ్రెంచివారు దీనిని కనీష్ అంటారు. ఆ భాషలో ఆడబాతుకు గల పేరు నుండి ఈ మాట పుట్టినది. అనగా రెండు భాషలవారు పెట్టిన పేర్లలోనూ నీరో, బాతో కనబడుతుంది. ఈ జాతి పుట్టినిల్లు జర్మనీయా, ఫ్రాన్సా అన్న వాదం చాలాకాలంగా ఉన్నది. అంతర్జాతీయ కెన్నెల్ సమాఖ్య మాత్రం దీనిని ఫ్రాన్సు జాతిగానే నమోదు చేసి, తోడుగా పెంచుకొనే కుక్కల వర్గంలో చేర్చింది. వేటకుక్కల వర్గంలో చేర్చకపోవడం ఈ జాతి చరిత్ర తెలిసినవారికి కొంత వింతగా తోస్తుంది.

ఇంగ్లాండులోని కెన్నెల్ క్లబ్ 1874లో మొదటి పూడిల్‌ను నమోదు చేసింది. అమెరికన్ కెన్నెల్ క్లబ్ 1887లో ఈ జాతిని గుర్తించింది. అమెరికాలో 1960 నుండి 1982 వరకు అత్యధికంగా నమోదైన జాతి ఇదే. అంతటి గిరాకీ వలన మేలు కంటె కీడే ఎక్కువ జరిగిందని చెప్పవచ్చును. చిన్నవి, ఇంకా చిన్నవి కావాలని పిల్లలను తీయించినవారు వేట లక్షణాలను, ఆరోగ్యాన్ని పట్టించుకోలేదు. సర్కసులలో ఈ కుక్కల విన్యాసాలు చూసి ఇది ఆటబొమ్మ అనుకొనడం కూడ అలవాటైపోయినది.

పూడిల్ తెలివి విషయంలో పెద్దగా భేదాభిప్రాయం లేదు. కెనడాకు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త స్టాన్లీ కోరెన్ 1994లో ప్రచురించిన పుస్తకంలో, చెప్పిన మాటను గ్రహించి పాటించడంలో బోర్డర్ కోలీ తరువాత రెండవ స్థానం పూడిల్‌కు ఇచ్చాడు. ఇటువంటి తెలివైన కుక్కకు పని చెప్పకపోతే అది తనకు తానే పని కల్పించుకుంటుంది. ఆ పని చెప్పులు కొరకడమో, పూలకుండీలు తవ్వడమో అవుతుంది.

పరిమాణాన్ని బట్టి రకాలు

అమెరికన్ క్లబ్ మూడు రకాలను గుర్తిస్తుంది. భుజం వద్ద 15 అంగుళాల కంటె ఎత్తు ఉన్నది స్టాండర్డ్, 10 నుండి 15 అంగుళాల వరకు ఉన్నది మినియేచర్, 10 అంగుళాలకు మించనిది టాయ్. అంతర్జాతీయ సమాఖ్య లెక్కలో మీడియం అనే నాల్గవ రకం కూడ ఉన్నది (35 నుండి 45 సెంటీమీటర్లు). స్టాండర్డ్ రకం బరువు సుమారు 20 నుండి 30 కిలోలు, టాయ్ రకం బరువు 2 నుండి 3 కిలోలు ఉంటుంది. ఇవన్నీ ఒకే జాతి అయినా, పక్షుల వేటలో నిజంగా పనికి వచ్చేది స్టాండర్డ్ రకమే. నిండుగా పెరిగిన బాతును నోట కరచుకొని ఈదడం టాయ్ పూడిల్‌కు సాధ్యం కాదు.

"టీకప్ పూడిల్" అని అమ్మకానికి వచ్చేవి వేరే రకం కాదు. పైన చెప్పిన సంస్థలలో ఏదీ ఆ పేరును గుర్తించలేదు. అవి సహజమైన పరిమాణం కంటె చిన్నగా పుట్టిన పిల్లలు. వాటి ఎముకలు సులభంగా విరుగుతాయి. కొన్ని గంటలు ఆహారం అందకపోతే రక్తంలో చక్కెర తగ్గి స్పృహ తప్పుతాయి.

ఒకే రంగులో ఉండడం ఈ జాతి ప్రమాణం. నలుపు, తెలుపు, గోధుమ, బూడిద, ఆప్రికాట్ పండు ఛాయ, ఎరుపు రంగులలో ఉంటాయి (ఆప్రికాట్ పండు నారింజ కలిసిన పసుపు రంగులో ఉంటుంది గనుక మన నల్లని నేరేడుతో పొరబడరాదు). నల్లగా పుట్టిన పిల్ల ఏడాది, రెండేళ్ళలో బూడిద రంగుకు మారవచ్చును. రంగును చూసి కొన్నవారు ఆ తరువాత మోసపోయామని అనుకొనడం కద్దు. అది మోసం కాదు, ఈ జాతి స్వభావం.

బొచ్చు

పూడిల్ బొచ్చు చాలా కుక్కల బొచ్చు వంటిది కాదు. ఇది ఒకే పొరగా ఉండి, మనుష్యుల జుట్టు వలె ఆగకుండా పెరుగుతూనే ఉంటుంది. రాలడం చాలా తక్కువ. రాలిన వెంట్రుకలు కూడ ఉంగరాలలో చిక్కుకొని ఉండిపోవడం చేత, దువ్వకపోతే జడలు కడుతుంది. జడల క్రింద చర్మానికి గాలి తగలదు, చెమ్మ ఆరదు, పుండ్లు పడతాయి. రోజూ దువ్వుతూ, నాలుగు నుండి ఆరు వారాలకు ఒకసారి కత్తిరిస్తూ ఉండాలి. దువ్వెన పైపైన కాకుండ చర్మం దాకా పోవాలి. పైకి మెత్తగా కనిపించే బొచ్చు క్రింద అట్టలు కట్టి ఉండడం సర్వసాధారణం.

ప్రదర్శనలలో కనబడే గుండ్రని కత్తిరింపు వట్టి సింగారం కోసం పుట్టినది కాదని చెబుతారు. ఈతకు అడ్డు రాకుండ వెనుకభాగం గొరిగి, చల్లని నీటిలో గుండె, ఊపిరితిత్తులు, కీళ్ళు వెచ్చగా ఉండడానికి ఆయా చోట్ల బొచ్చు వదలివేసేవారు. పని కోసం చేసినది కాలక్రమేణా అలంకారమైనది.

ఈ బొచ్చుకు పరిమితులూ ఉన్నాయి. అమెరికాకు చెందిన జాన్ సూటర్ 1988 నుండి 1991 వరకు అలాస్కాలో జరిగే ఇడిటరాడ్ అనే మంచుబండ్ల పందెంలో స్టాండర్డ్ పూడిల్స్‌ను కట్టి పాల్గొన్నాడు. మంచు వాటి బొచ్చుకు అంటుకొని గడ్డకట్టడం, పాదాలు దెబ్బతినడం వంటి ఇబ్బందులు కలిగాయి. ఆ తరువాత నిర్వాహకులు ఉత్తర ధ్రువ ప్రాంతపు జాతులకే పోటీని పరిమితం చేశారు. మంచులో వచ్చిన చిక్కు మంచుగడ్డలతో అయితే, మన కోస్తా జిల్లాలలో పల్లేరు కాయలతో, బురదతో, పిడుదులతో వస్తుంది.

పూడిల్ వలన ఎలర్జీ రాదని అమ్మేవారు చెబుతారు. ఎలర్జీ కలిగించే పదార్థాలు కుక్క లాలాజలంలోను, చర్మపు పొట్టులోను ఉంటాయి గనుక పూర్తిగా ఎలర్జీ కలిగించని కుక్క లేదు. ఉబ్బసం ఉన్నవారు కొనకముందే ఆ కుక్కతో కొంతసేపు గడిపి చూసుకొనడం మేలు. ఆస్ట్రేలియాలో 1989లో వాలీ కాన్రన్ అనే వ్యక్తి ఇటువంటి అవసరం కోసమే లాబ్రడార్‌తో పూడిల్‌ను జతపరచి లాబ్రడూడిల్ అనే సంకర కుక్కను రూపొందించాడు. దానికి వచ్చిన ప్రచారంతో ఎడాపెడా సంకరాలు మొదలవడం చూసి, అందుకు తాను చింతిస్తున్నట్లు ఆ తరువాత ఆయనే చెప్పాడు.

పిల్లను ఎంచుకొనడం

పుట్టిన పది, పదునాలుగు రోజులకు పిల్లలు కళ్ళు తెరుస్తాయి. మూడవ వారం నుండి సుమారు పదునాలుగవ వారం వరకు ఉన్న కాలం కుక్కపిల్ల జీవితంలో అతి ముఖ్యమైనది. ఈ కాలంలో చూసిన మనుష్యులను, విన్న చప్పుళ్ళను అది జీవితాంతం మామూలు విషయాలుగా భావిస్తుంది. ఈ కాలంలో చూడనివాటికి తరువాత భయపడుతుంది. తల్లిని, తోబుట్టువులను వదలి మరీ చిన్నతనంలో వచ్చిన పిల్ల పంటి గాటును అదుపు చేసుకొనడం సరిగా నేర్వదు. భారతదేశంలో 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకం నియమావళి ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లలను అమ్మరాదు. పిల్లలను తీయించి అమ్మేవారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదు చేసుకొనాలి.

పిల్లను తల్లితో కలిపి చూపించమని అడగడం మంచి పద్ధతి. తల్లి బెరుకుగా, రోగిష్ఠిగా ఉన్నచోట పిల్లను తీసికొనరాదు. తెల్లని ఉంగరాల బొచ్చు గల సంకర పిల్లలను పూడిల్ పేరుతో అమ్మడం కూడ ఉన్నది. చెన్నై కేంద్రంగా పనిచేసే కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా జారీచేసిన వంశ పత్రం ఉంటే కొంత నమ్మకం. అయితే ఆ పత్రం వంశాన్ని తెలుపుతుంది గాని ఆరోగ్యాన్ని తెలుపదు.

పక్షిని పట్టి తెచ్చే అలవాటు ఏ పిల్లలో బలంగా ఉన్నదో ఏడెనిమిది వారాల వయసులోనే కొంత తెలుస్తుంది. చిన్న గుడ్డ ఉండను దొర్లించినపుడు వెంటపడి, నోట పట్టుకొని, తనంత తానుగా మనిషి దగ్గరకు తెచ్చే పిల్ల శిక్షణకు అనువైనది. పట్టుకొని మూలకు పారిపోయే పిల్లకు కూడ నేర్పవచ్చును గాని ఓపిక ఎక్కువ కావాలి. ఇంట్లో తోడుగా మాత్రమే కావాలనుకొనేవారు మరీ హుషారైన పిల్లను కాక, చేతిలోనికి తీసికొన్నపుడు కాసేపు గింజుకొని తరువాత నెమ్మదించే పిల్లను ఎంచుకొనాలి.

హనుమాన్ జంక్షన్ పరిసరాలలో పెంపకం

హనుమాన్ జంక్షన్ బాపులపాడు మండలంలోని కూడలి పట్టణం. విజయవాడ, ఏలూరు, నూజివీడు, గుడివాడ వైపు పోయే రోడ్లు ఇక్కడ కలుస్తాయి. చెన్నై, కలకత్తా నగరాలను కలిపే 16వ నెంబరు జాతీయ రహదారి ఈ ప్రాంతం మీదుగానే పోతుంది. రాత్రింబవళ్ళు లారీల రద్దీ ఉన్న ఇటువంటి చోట గొలుసు లేకుండ కుక్కపిల్లను వీధిలోనికి తీసికొని రావడం మొదటి తప్పు. పూడిల్ వేగంగా పరుగెత్తుతుంది. ఎగిరే కాకిని చూసి రోడ్డుకు అడ్డంగా దూకడానికి దానికి క్షణం పట్టదు.

ఇక్కడి వేసవి పూడిల్‌కు అతి పెద్ద పరీక్ష. ఈ ప్రాంతంలో మే నెలలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలను దాటిన సందర్భాలున్నాయి. కుక్కలకు మనవలె ఒళ్ళంతా చెమట పట్టదు. నాలుక చాపి వగర్చడం ద్వారానే ఒళ్ళు చల్లబరుచుకొంటాయి. గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజున వగర్చినా ఫలితం ఉండదు. కావున నడక తెల్లవారుజామున, మరల ప్రొద్దుగ్రుంకిన తరువాత మాత్రమే ఉండాలి. అరచేతిని కొద్ది సెకండ్లపాటు రోడ్డుపై ఉంచలేకపోతే కుక్క పాదాలూ ఆ వేడిని ఓర్వలేవు. ఎండలు మొదలవగానే బొచ్చును నున్నగా గొరిగించడం చాలామంది చేసే పొరపాటు. చర్మం ఎండకు కమిలిపోతుంది. అర అంగుళం మేర వదలి కత్తిరిస్తే చాలు. వడదెబ్బ తగిలిన కుక్క విపరీతంగా వగరుస్తుంది, చిక్కని చొంగ కారుస్తుంది, తూలుతుంది. వెంటనే నీడకు చేర్చి, మామూలు నీళ్ళతో ఒళ్ళంతా తడిపి, ఫ్యాను గాలి తగిలేలా చేసి, పశువైద్యుని వద్దకు తీసికొని వెళ్ళాలి.

మామిడి తోటలో కుక్కపిల్లకు నీడ, పరుగెత్తే జాగా రెండూ దొరుకుతాయి. నూజివీడు పరిసరాలలోని పెద్ద తోటలలో స్టాండర్డ్ రకం పిల్లకు అలుపు తీరా ఆడించవచ్చును. అయితే తోటకు తనదైన ప్రమాదాలున్నాయి. వాటిలో మొదటిది టెంక. ఏప్రిల్ నుండి జూన్ వరకు ఇళ్ళలో రసాలు తిని టెంకలు పెరటిలో పారవేయడం మామూలే. పీచుతో, తీపి వాసనతో ఉన్న చిన్నరసం టెంకను పూడిల్ పిల్ల నములుతూ నములుతూ మ్రింగివేయగలదు. అది ప్రేగులలో అడ్డుపడితే తిన్నది కక్కుకొనడం, విరోచనం కాకపోవడం, కడుపు బిగుసుకొనడం వంటి లక్షణాలు కనబడతాయి. ఆపరేషను చేసి తీయడం తప్ప మార్గం ఉండకపోవచ్చును. ఆలస్యమైతే ప్రాణం పోతుంది. మామిడి పండు కండ కొద్దిగా తినిపిస్తే హాని లేదు, టెంక మాత్రం కుక్కకు అందనీయరాదు.

రెండవది పురుగుల మందు. పూత సమయంలో తేనెమంచు పురుగు నివారణకు తోటలలో మందులు కొడతారు. పొట్టి వెంట్రుకల కుక్క ఒంటిపై పడిన మందు తొందరగా ఆరిపోతుంది గాని, పూడిల్ ఉంగరాల బొచ్చు దానిని పట్టి ఉంచుతుంది. తరువాత కుక్క తన ఒళ్ళు తానే నాకుతుంది. మందు కొట్టిన తోటలోనికి కొన్ని రోజులపాటు కుక్కను పోనీయరాదు. చొంగ కారడం, కండరాలు అదరడం, కనుపాపలు చిన్నవి కావడం కనబడితే ఆ మందు డబ్బా పైనున్న చీటీని కూడ వైద్యుని వద్దకు తీసికొని పోవాలి. ఏ మందో తెలిస్తే విరుగుడు త్వరగా ఇవ్వగలరు. ఎండుటాకులలో ముక్కు పెట్టి వాసన చూసే కుక్కకు రక్తపింజరి కాటు భయం కూడ ఉన్నది.

ఏలూరు కాలువ ఈ ప్రాంతం గుండానే పోతుంది. పూడిల్ సహజంగా ఈతగాడే అయినా, నీటిలో పడవేసి ఈత నేర్పడం కూడని పని. అట్లా భయపడిన పిల్ల జీవితాంతం నీటి దరికి రాకపోవచ్చును. మోకాలి లోతు నీరు, మెల్లగా దిగే గట్టు ఉన్న చోట మనిషి ముందు దిగి పిలవాలి. నీరు వేగంగా పారే కాలువలో, గట్లు నిట్టనిలువుగా ఉన్న చేపల చెరువులలో కుక్క దిగగలదు గాని తిరిగి ఎక్కలేదు. ఈత తరువాత చెవులు పొడిగా తుడవడం మరువరాదు. ఈ జాతికి చెవి రంధ్రం లోపల కూడ వెంట్రుకలు పెరుగుతాయి. పైన చెవి తమ్మె మూసుకొని ఉంటుంది. తడి నిలిస్తే చీము పడుతుంది. ఎలుకలు తిరిగే వరిచేల నీటి నుండి లెప్టోస్పైరోసిస్ అనే వ్యాధి కుక్కలకు, వాటి నుండి మనుష్యులకు సోకే అవకాశం ఉన్నది గనుక ఈ ప్రాంతంలో ఆ టీకాను తప్పనిసరిగా భావించాలి.

మిగిలిన టీకాలు ఆరు నుండి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు, నాలుగు వారాలకు ఒకసారి చొప్పున పదహారు వారాలు నిండేవరకు వేయించాలి. పార్వో, డిస్టెంపర్ వ్యాధులు పిల్లలను త్వరగా చంపుతాయి. రేబీస్ టీకా మూడవ నెలలో వేయిస్తారు. మూడు నెలలు వచ్చేవరకు రెండు వారాలకు ఒకసారి నులిపురుగుల మందు త్రాగించాలి. హనుమాన్ జంక్షన్‌కు విజయవాడ వైపున గన్నవరంలో ఎన్.టి.ఆర్. పశువైద్య కళాశాల ఉన్నది. ఇది తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయానికి చెందినది.

ఆహారం విషయంలో మన ఇళ్ళలో కుక్కకు పెరుగన్నమే చాలుననే అభిప్రాయం ఉన్నది. పెద్ద కుక్క దానితో ఎట్లాగో నెట్టుకొని రావచ్చును గాని, పెరిగే పిల్లకు అందులోని మాంసకృత్తులు చాలవు. ఉడికించిన గ్రుడ్డు, ఎముకలు తీసిన కోడిమాంసం, ముళ్ళు తీసిన చేప కలిపి పెట్టాలి, లేదా పిల్లల కోసం తయారైన ఆహారాన్ని పెట్టాలి. మూడు నెలల వరకు రోజుకు నాలుగుసార్లు, ఆరు నెలల వరకు మూడుసార్లు, ఆపైన రెండుసార్లు పెడితే సరిపోతుంది. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కుక్కలకు విషం. పులుసులో ఉడికిన ఉల్లిపాయ కూడ అంతే. ఉడికిన కోడి ఎముకలు చీలికలై గొంతులో గ్రుచ్చుకొంటాయి.

ఇంటిలో తోడు

పూడిల్ ఇంటిల్లిపాదితో కలిసిపోయే కుక్క. పిల్లలతో ఆడుతుంది, పెద్దల మాట తీరు, అడుగుల చప్పుడు గుర్తుపడుతుంది. దానికి ఒంటరితనం పడదు. పగలంతా గొలుసుతో కట్టివేసి రాత్రి కాపలాకు విప్పే పద్ధతి ఈ జాతికి సరిపోదు. అట్లా ఉంచిన పూడిల్ ఆగకుండ మొరుగుతుంది, తన కాళ్ళు తానే కొరుక్కొంటుంది. కాపలాకు కుక్క కావలసినవారు వేరే జాతిని చూసుకొనడం ఉత్తమం.

అరవడం, కొట్టడం వలన ఇది నేర్చుకొనేది భయమే. సరియైన పని చేసిన క్షణంలోనే చిన్న తినుబండారమో, మెచ్చుకోలో ఇస్తే రెండు, మూడు సార్లకే గ్రహిస్తుంది. తప్పు పనులను కూడ అంతే వేగంగా నేర్చుకొంటుందని గుర్తుంచుకొనాలి. భోజనం వేళ ఒకసారి అడుగగానే ముద్ద పెట్టిన ఇంట్లో అది జీవితాంతం అడుగుతూనే ఉంటుంది. ఎనిమిదవ వారం నుండే పాదాలు, చెవులు, మూతి తాకించుకొనడం, కత్తెర చప్పుడు, దువ్వెన అలవాటు చేయాలి. పన్నెండు, పదిహేనేళ్ళ జీవితంలో దానికి వందసార్లకు పైగా క్షవరం జరుగుతుంది. ప్రతిసారీ పెనుగులాట అయితే కుక్కకూ, మనిషికీ నరకమే.

పల్లెలలో పొరుగువారి కోళ్ళ సంగతి కూడ ఆలోచించవలసినదే. పక్షి వెంట పడడం పూడిల్ రక్తంలో ఉన్నది. పెరటి కోడిని పట్టుకొన్నా గొడవే, సంక్రాంతికి ముందు ఎవరి పందెం పుంజునో పట్టుకొంటే ఆ తగవు అంత తేలికగా తీరదు. "వదులు" అన్న మాటకు నోటిలోనిది వెంటనే విడిచిపెట్టడం, "ఆగు" అన్న మాటకు ఉన్నచోటనే నిలిచిపోవడం ఈ కారణంగా మొదట నేర్పవలసిన పాఠాలు.

పక్షుల వేటకు శిక్షణ

అమెరికా, కెనడా, ఐరోపాలోని కొన్ని దేశాలలో లైసెన్సు కలిగి, నిర్ణీత కాలంలో బాతులను వేటాడడం చట్టబద్ధం. అక్కడ కొందరు నేటికీ స్టాండర్డ్ పూడిల్‌ను ఆ పనికి తయారు చేస్తారు. అమెరికన్ కెన్నెల్ క్లబ్ నిర్వహించే రిట్రీవర్ వేట పరీక్షలలో లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్ వంటివాటితో పాటు స్టాండర్డ్ పూడిల్ కూడ పాల్గొనవచ్చును. ప్రదర్శనల కత్తిరింపుతో కాక, ఒళ్ళంతా పొట్టిగా కత్తిరించిన బొచ్చుతో బురదలో దిగిన పూడిల్‌ను చూసినవారు అది పూడిల్ అంటే నమ్మరు.

శిక్షణ మెట్లు మెట్లుగా సాగుతుంది. తొలి నెలలలో ఇంటి వసారాలోనే గుడ్డ ఉండను విసిరి తెప్పిస్తారు. రోజుకు మూడు, నాలుగుసార్లకు మించరాదు, విసుగు పుట్టకముందే ఆపివేయాలి. తరువాత డమ్మీ అనే, నీటిలో తేలే గుడ్డ దిండును వాడతారు. కుక్క దానిని పంటి గాటు పడకుండా పట్టుకొని, క్రింద పడవేయక చేతికే అందించాలి. నోటిలో ఉన్నదానిని లాగి ఆటలాడడం వలన గట్టిగా కొరికే అలవాటు పడుతుంది గనుక ఆ ఆటను మానిపిస్తారు. ఆ తరువాతి మెట్టు నిలకడ. డమ్మీ గాలిలో ఎగిరి నీటిలో పడినా, యజమాని చెప్పేవరకు కదలకుండ కూర్చొని, పడినచోటును గుర్తుంచుకొనాలి. హుషారైన పిల్లకు అన్నిటికంటె కష్టమైన పాఠం ఇదే. చివరగా తాను చూడని వస్తువు కోసం ఈల శబ్దాన్ని, చేతి సైగను బట్టి కుడికో, ఎడమకో పోవడం నేర్పుతారు.

తుపాకి చప్పుడుకు బెదరకుండ చేయడం కూడ శిక్షణలో భాగమే. దూరాన చిన్న చప్పుడుతో మొదలుపెట్టి, ఆ సమయంలోనే ఇష్టమైన ఆటో, తిండో చూపుతూ క్రమంగా దగ్గరకు తెస్తారు. తుపాకి అవసరం లేని మన ఇళ్ళకు కూడ ఈ పద్ధతి ఉపయోగమే. దీపావళి బాణాసంచా, పెళ్ళి ఊరేగింపు మేళం మొదటిసారి విన్న కుక్కపిల్ల గోడ దూకి పారిపోవడం అరుదు కాదు. స్టాండర్డ్ రకం పిల్ల ఎముకలు గట్టిపడడానికి ఏడాదికి పైగా పడుతుంది గనుక అంతవరకు ఎత్తైన గోడలు దూకించరాదు, సైకిలు వెంట పరుగెత్తించరాదు.

చట్టం, కొల్లేరు

భారతదేశంలో పూడిల్‌ను వేటకు తీసికొని పోవడం నేరం. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చినది. 1991 సవరణ తరువాత వినోదం కోసం వేటాడడానికి అవకాశం లేకుండపోయినది. ఈ చట్టంలో వేట అనగా చంపడం మాత్రమే కాదు. పట్టుకొనడం, ఉచ్చు పన్నడం, తరమడం, అందుకు ప్రయత్నించడం, పక్షుల గ్రుడ్లను పాడుచేయడం, గూళ్ళను కదిలించడం కూడ వేట క్రిందకే వస్తాయి. కాబట్టి పూరేడు పిట్టలను కుక్కతో తరిమించి "మేము చంపలేదు" అనడం చెల్లదు.

బ్రిటిషు పాలనలో చెరువుల వద్ద బాతులను, ఉల్లంకి పిట్టలను తుపాకులతో కొట్టడం దొరలకు, జమీందారులకు వినోదంగా ఉండేది. ఆనాటి తుపాకులు ఇంకా కొన్ని ఇళ్ళ గోడలపై ఉండవచ్చును గాని ఆ కాలం గడిచిపోయినది. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న కొల్లేరులో 308 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో ఇది రామ్‌సర్ ఒప్పందం క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా గుర్తింపు పొందినది. అభయారణ్యం లోపల తవ్విన చేపల చెరువుల గట్లను 2006లో ప్రభుత్వం కొట్టివేయించింది. కైకలూరు దగ్గర ఆటపాకలో గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు కట్టుకొంటాయి. ఆ పరిసరాలలో కుక్కను గొలుసు విప్పి వదలరాదు. ఒక్క కుక్క నీటిలో దిగితే చాలు, గూళ్ళపై ఉన్న పక్షులన్నీ ఒక్కసారిగా లేస్తాయి. ఆ సమయంలో గ్రుడ్లు, పిల్లలు ఎండకు, కాకులకు గురవుతాయి.

కౌజు పిట్టల పేరుతో అమ్మే పెంపకపు పక్షులను విడిచి కుక్కకు శిక్షణ ఇవ్వాలనుకొనడం కూడ సరికాదు. అది జంతు హింస నివారణ చట్టం (1960) దృష్టిలో పడే పని. డమ్మీతోనే పూడిల్‌కు తనివి తీరుతుంది. దానికి కావలసినది ప్రాణం తీయడం కాదు, పడినదానిని వెదకి తేవడం. వసారాలో దాచిన తువ్వాలును, తోటలో గడ్డిచాటున పెట్టిన బంతిని వాసన పట్టి తెచ్చే ఆట రోజూ అరగంట ఆడిస్తే ఆ కుక్క ఇంట్లో అల్లరి మానుతుంది.

వ్యాధులు

స్టాండర్డ్ రకంలో కడుపు ఉబ్బి మెలిపడడం ప్రాణాంతకమైనది. తిన్న వెంటనే పరుగెత్తించకుండ ఉండడం మంచిది. ఎడిసన్ వ్యాధి, చర్మంలోని నూనె గ్రంథులు దెబ్బతినే వ్యాధి ఈ రకంలో వంశపారంపర్యంగా కనబడతాయి. చిన్న రకాలలో మోకాలి చిప్ప జారడం, క్రమంగా చూపు పోవడం ఎక్కువ. కోస్తాలో వీటికి తోడు పిడుదుల వలన వచ్చే జ్వరాలున్నాయి. పూడిల్ బొచ్చులో పిడుదు కంటికి కనబడదు. దువ్వేటపుడు చెవుల వెనుక, వ్రేళ్ళ సందున చేతితో తడిమి చూడాలి. చిగుళ్ళు పాలిపోవడం, ముక్కు వెంట రక్తం రావడం, తిండి మానివేయడం కనబడితే రక్తపరీక్ష చేయించాలి.

జోనంగి

కొల్లేటి ప్రాంతానికి పక్షులతో పనిచేసే సొంత కుక్క ఒకటి ఉన్నది. దానిని జోనంగి లేదా కొల్లేటి జాగిలం అంటారు. బాతుల మందలను పెంచేవారు వాటిని అదిలించి నడపడానికి ఈ కుక్కను వాడేవారు. వేటలోనూ ఉపయోగించేవారు. దీని వెంట్రుకలు అతి పొట్టిగా, నునుపుగా ఉంటాయి. దువ్వే పని లేదు, జడలు కట్టవు, బురద అంటదు. ఎండ వేళ నేలను తవ్వుకొని ఆ గుంటలో పడుకొంటుంది. మొరగడం కంటె సాగదీసిన రాగం వంటి కూత దీనిలో ఎక్కువగా వినబడుతుంది. యజమానిని, ఆ ఇంటివారిని తప్ప పరాయివారిని తొందరగా చేరనీయదు.

కొల్లేటి చుట్టూ బాతుల పెంపకం తగ్గి చేపల చెరువులు పెరిగిన తరువాత జోనంగికి పని లేకపోయినది. పోషించేవారు లేక అవి ఊరకుక్కలలో కలిసిపోయాయి. చెరువులలో చేపలు పట్టి తింటున్నాయని చాలావాటిని చంపివేశారు కూడ. పూడిల్ తన పని పోయినా బొచ్చు అందం చేత ఇళ్ళలోనికి చేరి బ్రతికింది. జోనంగికి ఆ అవకాశం రాలేదు. ఈ ప్రాంతంలో కుక్కను పెంచదలచినవారు, కత్తిరింపులకు, వేసవి జాగ్రత్తలకు తీరిక లేనివారైతే, జోనంగి పిల్ల దొరుకుతుందేమో కొల్లేటి లంక గ్రామాలలో ముందు వాకబు చేయడం మంచిది.